సినాప్సిస్ రెండోసారీ వెనక్కి వచ్చింది: హెల్త్ మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసినోళ్లు, చేస్తున్నోళ్లు జర చూడండి

దిండివాగు · రాత్రి 11:42

అందరికి నమస్తే. మాది దేవరకొండ దిక్కు. పదకొండేండ్లు స్టాఫ్ నర్సుగ చేసిన, అండ్ల ఎక్కువ కాలం పీహెచ్‌సీలోనే (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం). ఇప్పుడు ఒక ఆస్పత్రిలో క్వాలిటీ పని చూస్తున్న. హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌ల పీజీ అయినంక పార్ట్ టైమ్ పీహెచ్‌డీలో చేరిన. కోర్స్ వర్క్ పాసైన. సినాప్సిస్ (ఏం పరిశోధన చేస్తమో ముందే రాసిచ్చే పత్రం) కాడనే ఆగిపోయిన.

నా టైటిల్ "తెలంగాణ గ్రామీణ ప్రాంతాల్లో ప్రభుత్వ ఆరోగ్య సేవల నాణ్యత, రోగుల సంతృప్తి: ఒక అధ్యయనం". మొదటిసారి కమిటీ చాలా వెడల్పుగ ఉందన్నది. తెలంగాణ తీసేసి ఉమ్మడి నల్లగొండ అని పెట్టిన. రెండోసారి "ఇందులో కొత్తగా తెలుసుకునేది ఏమిటి?" అని అడిగిండ్రు. నలభై పేజీల లిటరేచర్ రివ్యూ రాసుకపోయిన, ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపాయె. మా గైడ్ మంచాయనే. కానీ ఆయన కింద ఎనమండుగురు ఉన్నరు, నెలకు పది నిమిషాలు దొరకుడే కష్టం.

ఇంకోటి. పేపర్ అచ్చు కాకుంటే థీసిస్ తీసుకోరని ఒకరంటరు, అవసరం లేదని ఇంకొకరంటరు. ఒకాయన ఫోన్ చేసి డబ్బులు కడితే వారంల వేయిస్తనన్నడు. పిల్లలు పండుకున్నంక కూసొని రాస్తున్న. ఏడ మొదలుపెట్టాల్నో చెప్పండి.

పిల్లలమర్రి · ఉదయం 5:50

అమ్మా, నేను రిటైరైన మాస్టర్ని. నా సర్వీసులో చదివిన సినాప్సిస్‌లలో చాలావాటికి నీ టైటిలే ఉండేది, జిల్లా పేరు ఒక్కటే మారేది. జిల్లాను చిన్నగ చేస్తే ప్రశ్న చిన్నగ కాదు. "నాణ్యత", "సంతృప్తి" అన్న రెండు మాటల్లో డాక్టరు రాకపోవుడు, మందులు లేకపోవుడు, బాత్రూం గలీజుగ ఉండుడు, నర్సు కసురుకొనుడు అన్నీ వచ్చి కూసుంటయి. అందులో ఏది తెలుసుకోవాలనుకుంటున్నవో కమిటీకి కనపడలేదు.

మన నల్లగొండ ఫ్లోరైడ్ ముచ్చటే చూడు. నీళ్లలోని ఫ్లోరైడ్‌తోని ఎముకలు చెడిపోతయని మన దేశంల 1937ల రాసిండ్రు, షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు. అది నెల్లూరు జిల్లా ఊర్ల గురించి. 1973ల హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, ఫ్లోరోసిస్ ఉన్న పల్లెల్లో ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవుడు గురించి లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో రాసిండ్రు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తరు.

ఆ పద్ధతిలో రసాయనం పనిచేసింది. పల్లెలో నిలబెట్టుడే కష్టమయింది. రోజూ పటిక కొలిచి పోయాలె. నీళ్లు తేరేదాక ఆగాలె. అడుగున చేరిన మడ్డి ఎక్కడ పారబోయాలె? పటిక ఎక్కువ పడితే అల్యూమినియం నీళ్లలో మిగుల్తది, మరి రోజూ ఎవరు చూస్తరు? ఆపరేటరు సెలవు పెడితే ఆ దినం ఊరు ఏం తాగాలె? ఇవి డాక్టరుకు, కెమిస్టుకు వేసే ప్రశ్నలు కావు. ఇదే నీ సబ్జెక్టు తల్లీ. మందు ఉంటది, మిషన్ ఉంటది, మనిషి దాకా చేరుడు ఎక్కడ్నో తెగుతది. ఆ తెగిన జాగ చూపిస్తే అదే పరిశోధన.

ఆ నలభై పేజీలు పక్కకు పెట్టు. పదకొండేండ్లల్ల నీ కండ్ల ముందు ఏ పని రోజూ ఒకే తీరుగ చెడిపోయింది? అది ఒక్కటి రాయి.

దిండివాగు · రాత్రి 10:15

సార్, పొద్దుగాల చదివిన కాన్నుంచి అదే ఆలోచన. బీపీ గోలీలు.

పీహెచ్‌సీల నెలకు సరిపోను ఇస్తం. కార్డు మీద మళ్ల వచ్చే తారీఖు రాస్తం. మూడు నెలలు టంచనుగ వచ్చిన మనిషి నాలుగో నెల రాడు. ఎప్పుడో ఒకనాడు మూతి వంకరపోయి, కాలు చెయ్యి పడిపోయి ఆటోల తెస్తరు. మా ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బుల) రిజిస్టర్‌ల పేరు, ఊరు, బీపీ, ఇచ్చిన గోలీలు అన్నీ ఉంటయి. రానోళ్ల గడిల మా ఫార్మసిస్టన్న ఎర్ర పెన్నుతోని ఒక్క ముక్క రాసేటోడు. కొందరికి "రాలే". కొందరికి "ప్రైవేటు". చానామందికి "బతకపోయిండు", "బతకపోయింది".

ఇది రీసెర్చ్ అయితదా సార్? మాకు రోజూ కనపడేదే కదా అని ఇన్నాళ్లు దీన్ని లెక్కల తీసుకోలే.

కోయిలసాగర్ · రాత్రి 10:31

అయితదా అని అడుగుతవేంది చెల్లె, అయితది! నేను పాలమూరు జిల్లాల ప్రోగ్రాం పని చూసిన మనిషిని. ఆ ఒక్క మాట మీద నాకు జరిగింది చెప్త.

మేము ఒకసారి మూడు పీహెచ్‌సీల రిజిస్టర్లు కంప్యూటర్ల ఎక్కించనీకి బయటి వాళ్లకు ఇచ్చినం. ఎక్కించిన పిల్లగాడు ఈ దిక్కోడు కాదు. షీటు తిరిగొచ్చినంక చూస్తే మరణాల కాలమ్ నిండిపోయి ఉన్నది. ఒక తండాల అయితే బీపీ ఉన్నోళ్లు సగం మంది సచ్చిపోయినట్టే. గుండె ఆగినంత పనైంది. ఆ తండా ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి ఒక్కొక్క పేరు చదివిన. "వాళ్లా సార్, పుణె పోయిండ్రు, ఉగాదికొస్తరు" అన్నది. మన దిక్కు బతకపోవుడంటే పని కోసం వలస పోవుడే కదా. ఆ పిల్లగాడు "బతకపోయిండు"ను "బతకలేదు" అని చదువుకొని అందరినీ చంపేసిండు. నేను చూడకుంట ఆ షీటు అట్లనే పైకి పంపి ఉంటే?

అందుకే డేటా నువ్వే ఎక్కించు. లేకుంటే ఎక్కించేటోని పక్కన కూసో. ఏ మాటకు ఏ కోడ్ అన్నది ముందే ఒక కాగితం మీద రాసుకో.

మరొకటి, మనోళ్లు దసరా, దీపావళి అయినంక పోతరు. ఉగాదికో, మిరుగు పొద్దుకో (మృగశిర కార్తె) మళ్లొస్తరు. నువ్వు జనవరి నుంచి మార్చి దాక మూడు నెలల రిజిస్టరే తీసుకుంటే సగం మంది మందులు మానేసినట్టే కనపడ్తది. కనీసం పన్నెండు నెలలు తీసుకోవాలె.

పిల్లలమర్రి · ఉదయం 6:05

చూసినవా అమ్మా, ఇక్కడ నీకు కొత్త సంగతి దొరికింది. మందులు ఎందుకు మానేస్తరన్నది చాలామంది రాసిండ్రు. మతిమరుపు, నమ్మకం లేకపోవుడు, దూరం, ఖర్చు. వాళ్ల లెక్కల్లో "మానేసినోడు" ఒక్క రకమే. నువ్వు చూసిన రిజిస్టర్‌ల రెండు రకాలున్నరు: ఊర్ల ఉండి రానోడు, ఊర్ల లేక రానోడు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు. మొదటాయన ఇంటికి ఆశా పోతే సరిపోవచ్చు. రెండో ఆయనకు పోయేముందు మూడు నెలల గోలీలు చేతిల పెట్టాలె, లేకుంటే పోయిన ఊర్ల ఇచ్చే ఏర్పాటు ఉండాలె. రిజిస్టరు ఇద్దర్నీ వేరుగ చూపిస్తదా, చూపిస్తే దాన్ని పైవాళ్లు వాడుతున్నరా? కమిటీ అడిగిన ప్రశ్నకు జవాబు ఇది.

ఇప్పుడు ఒకే ఒక్క వాక్యం రాసి ఇక్కడ పెట్టు. ఎవరు, ఎక్కడ, ఎంత కాలం, ఏం కొలుస్తవు, దేనితో పోలుస్తవు. "అధ్యయనం" అన్న మాట వాడకు.

మిర్యాలగూడ_లెక్కలు · ఉదయం 9:20

సార్ ప్రశ్న సంగతి చెప్పిండ్రు, నేను అంకెల సంగతి చెప్త. ఈ రెండు తప్పులు మన దిక్కు థీసిస్‌లలో మళ్లీ మళ్లీ చూస్తున్న కాబట్టి కొంచెం వివరంగానే రాస్త.

మొదటిది జిల్లాల తప్పు. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయినయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16ది, అందులో "నల్లగొండ" అంటే సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కలిసి ఉన్న పాత జిల్లా. ఐదో విడత మన రాష్ట్రంల 2019ల జరిగింది, అందులో "నల్లగొండ" అంటే కొత్త జిల్లా. మహబూబ్‌నగర్‌ది ఇంకా పెద్ద తేడా: నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయినయి. 2019ల ఏర్పడ్డ నారాయణపేట ఆ సర్వేల వేరే జిల్లాగ ఉండనే ఉండదు, ఎందుకంటే వాళ్లు 2017 మార్చి నాటి జిల్లాలనే తీసుకున్నరు. పేరు ఒకటే కదా అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "ఇంత శాతం పెరిగింది" అని రాస్తే, జర్నల్ తరఫున పేపర్ చదివి తూచే రివ్యూవర్‌కు మన ప్రాంతం తెలిసి ఉంటే పేపర్ అక్కడే ఆగుతది.

రెండోది 384. ప్రతి సినాప్సిస్‌ల 384 మంది అని ఉంటది. ఎందుకు అంటే ఎవరికీ తెలవది. సగం మందిలో ఆ లక్షణం ఉందనుకొని, 5 శాతం అటు ఇటు తేడాతో, 95 శాతం నమ్మకంతో లెక్క కడితే వచ్చేదే 384. అది ఊరంతా చిట్టీలు వేసి తీసినట్టు విడివిడిగ మనుషుల్ని తీసుకున్నప్పుడే చెల్లుతది. నువ్వు ముందు పీహెచ్‌సీలు ఎంచుకొని, వాటిల్లోంచి మనుషుల్ని తీసుకుంటవు. ఒకే పీహెచ్‌సీ మనుషులు ఒకరికొకరు కొంత ఒక్క తీరుగనే ఉంటరు, అదే డాక్టరు, అదే బస్సు, అదే వలస. ఆ పోలిక 0.05 అనుకో. పీహెచ్‌సీకి 20 మందిని తీసుకుంటే 19ని 0.05తో హెచ్చవేసి ఒకటి కలుపు: 1.95. అంటే 384 కాస్త 749 అయితది. పీహెచ్‌సీకి 10 మందినే తీసుకుంటే 1.45, మొత్తం 557 చాలు. మనుషులు తక్కువ, తిరుగుడు ఎక్కువ. జీపు ఖర్చు చూసుకొని ఏదో ఒకటి ఎంచుకోవాలె.

కానీ అక్కా, నీకు ఈ బాధ లేకుండ చేయొచ్చు. రిజిస్టర్‌ల ఉన్నోళ్లందరినీ తీసుకో. నాలుగైదు పీహెచ్‌సీలు, పన్నెండు నెలలు, పేరు నమోదైన ప్రతి మనిషీ. అప్పుడు ఎవర్ని తీసుకోవాలన్న గొడవే ఉండదు. కాకపోతే "ఇది ఈ నాలుగైదు పీహెచ్‌సీల మాట, జిల్లా మాట కాదు" అని నిజాయితీగ రాయాలె.

"రాలేదు" అంటే ఎన్ని రోజులు రాకుంటే అన్నది కూడా ముందే తేల్చుకో. 2017 నవంబర్‌ల మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ అదుపు కార్యక్రమంల మన రాష్ట్రం మొదటి ఐదు రాష్ట్రాల్ల ఒకటి. వాళ్ల లెక్కల బీపీ 140/90 కంటే తక్కువ ఉంటే అదుపుల ఉన్నట్టు, మూడు నెలలు రాకుంటే విజిట్ తప్పినట్టు, పన్నెండు నెలలు రాకుంటే పూర్తిగ జారిపోయినట్టు. ఆ నిర్వచనాలే వాడితే రేపు నీ అంకెల్ని వేరేవాళ్ల అంకెలతో పోల్చొచ్చు. సొంత నిర్వచనం పెట్టుకుంటే ఎవరితోనూ పోల్చలేం.

దిండివాగు · రాత్రి 11:58

సార్, నాలుగుసార్లు కొట్టేసి రాసిన. చూడండి.

"దేవరకొండ డివిజన్‌లోని ఎంపిక చేసిన పీహెచ్‌సీల్లో బీపీ చికిత్సకు నమోదైనవారిలో, పన్నెండు నెలల్లో విజిట్లు తప్పినవారు ఎవరు, వారిలో వలస వెళ్లినవారికీ ఊరిలో ఉండీ రానివారికీ తిరిగి చికిత్సకు రావడంలో తేడా ఎంత, ఆ తేడాకు పీహెచ్‌సీలో మందులిచ్చే పద్ధతి ఎంతవరకు కారణం?"

పిల్లలమర్రి · ఉదయం 5:40

మంచిగున్నది. చివరి ముక్కలో "కారణం" తీసెయ్. రిజిస్టరు చూసి కారణం చెప్పలేవు, సంబంధం మాత్రం చెప్పగలవు. ఆ ఒక్క మాట కోసం రివ్యూవర్ రెండు పేజీలు రాస్తడు.

గద్వాలజరీ · ఉదయం 11:10

అక్కా, చదువుతుంటే ఊకోబుద్ధి అయితలేదు. రిజిస్టర్ మనిషి ఎప్పుడు రాలేదో చెప్తది, ఎందుకు రాలేదో చెప్పది. "ప్రైవేటు" అని రాసిన మనిషి నిజంగ ప్రైవేటుకు పోయిండా, లేక వచ్చి లైన్‌ల నిలబడలేక వాపస్ పోయిండా? అది మాట్లాడితేనే తెలుస్తది. మొదలు రిజిస్టర్ల పని ముగించు. అందులో వింతగ కనపడ్డోళ్లను ఎంచుకొని ఇంటికి పోయి మాట్లాడు: వలస పోయి వచ్చి మళ్ల గోలీలు మొదలుపెట్టినోళ్లు కొందరు, రాకుంట మిగిలిపోయినోళ్లు కొందరు, ఏఎన్‌ఎంలు, ఫార్మసిస్టులు. ఇరవై ఇరవై రెండు మందితో అయిపోతది.

మిర్యాలగూడ_లెక్కలు · ఉదయం 11:34

గద్వాల మేడమ్, ఇరవై రెండు మందితో ఏం తేలుతది? కమిటీల స్టాటిస్టిక్స్ సారు ఉంటే మొదటి నిమిషంలనే ఎగరగొడ్తరు.

గద్వాలజరీ · మధ్యాహ్నం 12:20

తమ్మీ, శాతాలు తేల్చనీకి కాదు కదా. ఎంతమంది అన్నది నువ్వు చెప్తవు, ఎట్ల జరుగుతుందన్నది వీళ్లు చెప్తరు. నేను మొగ్గం నేసే ఆడోళ్ల మీద పనిచేసిన. పదహారో ఇంటర్వ్యూ కాడికి వచ్చేసరికి కొత్త మాట ఒక్కటి వస్తలేదు. ఇంకో ముగ్గుర్ని కలిసి ఆపేసిన. ఎక్కడ ఆపిన, ఎందుకు ఆపిన అన్నది రాసుకున్న, కమిటీ ఒప్పుకున్నది. గాలికి చేసే పని కాదిది. ఇంటర్వ్యూలతో చేసే పరిశోధనల ఏమేం రాయాల్నో చెప్పే కోరెక్ అని 32 అంశాల పట్టిక ఉన్నది. ఇంటర్వ్యూ ఎవరు చేసిండ్రు, వాళ్లకు ముందే పరిచయం ఉన్నదా, పక్కన ఇంకెవరన్న ఉన్నరా, అన్నీ అందులో చెప్పాలె. నీ రిజిస్టర్ భాగానికి స్ట్రోబ్ అనే పట్టిక ఎట్లనో దీనికి అది అట్ల.

దిండివాగు అక్కా, "పక్కన ఎవరున్నరు" అన్నది నీకు ముఖ్యం. అక్కడ నువ్వు పదకొండేండ్లు నర్సమ్మవు. నీ ముందల "గోలీలు సక్కగ ఇయ్యరు" అని ఎవ్వరూ అనరు. వేరే మనిషితో అడిగించు, లేకుంటే నువ్వు ఎన్నడూ పనిచేయని పీహెచ్‌సీలే ఎంచుకో.

మిర్యాలగూడ_లెక్కలు · మధ్యాహ్నం 12:41

ఆ చివరి మాట నాకు తట్టనే లేదు మేడమ్. ఒప్పుకుంటున్న. రిజిస్టర్ భాగానికి కూడా అది వర్తిస్తది, సొంత పీహెచ్‌సీ వద్దు.

మన్ననూరు · సాయంత్రం 6:15

నేను నల్లమల దిక్కు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గ చాన ప్రాజెక్టులకు తిరిగిన. ఎథిక్స్ గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్న.

రిజిస్టరే కదా, మనుషుల్ని ముట్టుకోం కదా అని అనుమతి లేకుంట మొదలుపెట్టొద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రికార్డులు చూసే పనైనా ఎథిక్స్ కమిటీ ముందుకు పోవాలె, మినహాయింపు ఇచ్చేది కమిటీయే, మనకు మనం ఇచ్చుకునేది కాదు. ఆ కమిటీ హెల్త్ రీసెర్చ్ డిపార్ట్‌మెంట్ దగ్గర రిజిస్టరై ఉండాలె, మీ యూనివర్సిటీది అయిందా లేదా కనుక్కో. జిల్లా వైద్యాధికారి అనుమతి వేరే. పని అయినంక తెచ్చిన అనుమతిని ఏ మంచి జర్నలూ ఒప్పుకోదు. మూడు నెలల గోలీలు ఇచ్చి చూస్తం అనే ఆలోచన ఉంటే అది ట్రయల్ అయితది. మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (మన దేశంల ట్రయల్స్ నమోదు చేసే చోటు) నమోదు చేయాలె. 2018 ఏప్రిల్ నుంచి వాళ్లు వెనుకటి తారీఖుతో తీసుకుంటలేరు.

ఇగ సమ్మతి పత్రం. మేము ఒకసారి తీసుకపోయిన పత్రంలో "మీ గోప్యతకు భంగం వాటిల్లకుండా, స్వచ్ఛందంగా పాల్గొనుటకు" అని ఉండె. చెంచు పెంటల (చెంచుల గూడెంల) ఒక ముసలాయన మొత్తం విని "భూమి కాగితమా బిడ్డా ఇది?" అని అడిగిండు. ఏలిముద్ర వేయనంటే వేయనన్నడు. ఆయన తప్పేం లేదు. ఏలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నోళ్లను చూసిన మనిషాయె. ఆ రాత్రి కూసొని మొత్తం తిరగరాసినం: "మీరు వద్దంటే ఇప్పుడే లేచి పోతం. వద్దన్నరని మందులు ఆపరు. మీరు చెప్పింది రాసుకుంటం, మీ పేరు రాయం." కమిటీకి మళ్ల పంపి ఒప్పించుకున్నం.

చదువు రానోళ్ల దగ్గర ఏలిముద్రతో పాటు సాక్షి సంతకం ఉండాలె. ఆ సాక్షి ఆశా గాని ఏఎన్‌ఎం గాని కావొద్దు. మందులిచ్చే మనిషి పక్కన కూసుంటే వద్దనే ధైర్యం ఎవరికుంటది?

దిండివాగు · రాత్రి 11:20

మన్ననూరు అన్నా, మీరు రాసిన మూడు వాక్యాలు అట్లనే నా పత్రంల పెట్టుకుంట. రేపు మా ఇంటి పక్క అవ్వకు చదివి వినిపిస్త, ఎక్కడ ఆగి అడుగుతదో చూస్త.

అలంపురం_చెల్లె · ఉదయం 8:02

మధ్యలో వస్తున్న, ఏమనుకోకండి. నేను ఇప్పుడే చేరిన. పేపర్లు తెరిస్తే డబ్బులు అడుగుతున్నయి, ఎట్ల చదవాలె?

మిర్యాలగూడ_లెక్కలు · ఉదయం 8:30

మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే జర్నల్స్ చదవనిచ్చే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరి నుంచి ఉంది, లైబ్రరీల అడుగు. పాత థీసిస్‌లు శోధ్‌గంగ అనే సైటులో ఫ్రీగ ఉంటయి, నీ టాపిక్‌ది ఎవరన్న చేసిండ్రా అని ముందు అక్కడ చూడు. పబ్‌మెడ్ సెంట్రల్‌ల చాలా పేపర్లు పూర్తిగ దొరుకుతయి. దొరకనిదానికి రచయితకే మెయిల్ పెట్టు, ఎక్కువమంది పంపిస్తరు.

పానగల్లు · రాత్రి 9:47

దిండివాగు అక్కా, ఆ ఫోన్ చేసినాయనకు పైసలు కట్టకు. ఇది రాయనీకి నాకు మూడు రోజులు పట్టింది.

నాకూ అట్లనే వాట్సాప్‌ల మెసేజ్ వచ్చింది. జర్నల్ పేరు వినీవినంగనే పెద్దదనిపించింది, ముందల "ఇంటర్నేషనల్" అని ఉన్నది, "గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్" అని ఒక అంకె ఉన్నది. పంపిన మూడోరోజే తీసుకున్నమని మెయిల్. ఒక్క ప్రశ్న అడగలే, ఒక్క అక్షరం మార్చుమనలే. నాన్న పత్తి అమ్మిన పైసల్లోంచి పద్దెనిమిది వేలు కట్టిన. అచ్చైన దినం ఇంట్ల స్వీట్లు పంచినం. ఏడాదికి ఒక ఇంటర్వ్యూల ఆ పేపర్ ముందల పెడితే సారు కాగితం తిప్పి నా మొఖం చూసిండు, ఏమీ అనలే. తర్వాత తెలిసింది అది వేరే అసలు జర్నల్ పేరు పెట్టుకొని నడిపే నకిలీ సైటని. వాపస్ తీసుకుంట అంటే దానికీ ఫీజు అడిగిండ్రు. అందులో నా రెండేండ్ల డేటా పోయింది. అదే డేటాను మళ్ల మంచి జర్నల్‌కు పంపరాదు కదా, ఒకసారి అచ్చైంది అంటరు.

ఇప్పుడు నేను ఏ జర్నల్‌నైనా ఎట్ల చూస్తనో చెప్త. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నది (జర్నల్ పేపర్లను వేరేవాళ్లు ఎంతగ ప్రస్తావిస్తున్నరో చెప్పే అంకె) క్లారివేట్ అనే కంపెనీ వాళ్లిచ్చేదే, ఇంకే పేరుతో ఉన్నా నమ్మను. ఎడిటర్ల పేర్లలో ఇద్దర్ని పట్టుకొని వాళ్ల కాలేజీ పేజీల ఈ జర్నల్ పేరు ఉందా చూస్త. జర్నల్ గుర్తింపు నంబరు ఐఎస్ఎస్ఎన్‌ను దాని సొంత పోర్టల్‌ల కొట్టి అక్కడున్న సైటు, ఈ సైటు ఒకటేనా చూస్త. అన్నిటికంటే ముందు పాత సంచికలోంచి రెండు పేపర్లు పూర్తిగ చదువుత. ఒకే సంచికల బీపీ, సిమెంటు, సాహిత్యం కలిసి ఉంటే ఇగ చెప్పేదేముంది. గూగుల్ స్కాలర్‌ల కనపడుతది అంటే జర్నల్ మంచిదని కాదు.

నిర్వాహకుడు · రాత్రి 10:05

"గ్యారంటీ పబ్లికేషన్, థీసిస్ రైటింగ్" అని ఒక సభ్యుడు ఇక్కడ పెట్టిన ప్రకటన తీసేశాను, ఖాతా కూడా ఆపేశాను. ఎవరికైనా విడిగా మెసేజ్ వస్తే నాకు తెలియజేయండి.

పిల్లలమర్రి · ఉదయం 6:20

పానగల్లు బిడ్డా, నువ్వు రాసింది చదివి మనసు కష్టమైంది. పత్తి పైసలని రాసినవు చూడు, ఆ మాట నన్ను విడుస్తలేదు. నిన్ను అట్ల వదిలేసిన పెద్దలదే తప్పు. ఎక్కడ వేయాలో చెప్పేది గైడ్ పని.

రూల్ సంగతి: యూజీసీ 2022 నవంబర్ నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చు కావాలన్న షరతు తీసేసిండ్రు. కానీ యూనివర్సిటీ తన రూల్స్‌ల పెట్టుకోవచ్చు. కాబట్టి అమ్మా, మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ తీసి ఆ పేజీ నువ్వే చదువు, కారిడార్ల మాటలు వినకు. మంచి జర్నల్స్ పేర్లుండే యూజీసీ కేర్ లిస్టు 2025 ఫిబ్రవరిలో ఆపేసిండ్రు, ఇప్పుడు మంచి చెడు చూసుకునే భారం విద్యార్థి మీద, సంస్థ మీద పడింది. ఆడవాళ్లకు మామూలు గడువు మీద రెండేండ్ల వెసులుబాటు, 240 రోజుల ప్రసూతి సెలవు కూడా ఆ నిబంధనల్లోనే ఉన్నయి. అడిగి తీసుకో.

పేపర్ అన్నది థీసిస్ అయినంక చేసే పని కాదు. ఈ రోజే ఒక కాగితం మీద మూడు ఖాళీ టేబుళ్లు గీయి, అంకెలు లేకుండ, వరసలు, గడులు మాత్రమే. మొదటి టేబుల్: ఎవరు నమోదైండ్రు. రెండోది: ఎవరు విజిట్ తప్పిండ్రు, ఊర్ల ఉన్నోళ్లు, వలస పోయినోళ్లు వేరుగ. మూడోది: ఎవరు తిరిగొచ్చిండ్రు. ఆ గడి నింపడానికి రిజిస్టర్‌ల ఏ కాలమ్ కావాలో అప్పుడు తెలుస్తది. ఒక్క గడికైనా రిజిస్టర్‌ల సమాచారం లేకుంటే, రెండేండ్ల తర్వాత కాదు, ఈ రోజే బయటపడ్తది.

జర్నల్ కూడా ఇప్పుడే అనుకో. ఇండియన్ జర్నల్ ఆఫ్ కమ్యూనిటీ మెడిసిన్, ఇండియన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ లాంటివి సంఘాలు నడిపేవి. వాటి పాత పేపర్లు ఐదు తీసి, పద్ధతులు అన్న భాగం ఎంత పొడుగుందో, ఏం చెప్పిండ్రో చేత్తో రాసుకో. నేను నా విద్యార్థులతో అదే చేయించేవాన్ని. చేత్తో రాస్తే చేతికి అలవాటు అయితది.

కోయిలసాగర్ · ఉదయం 7:45

సార్, మీరు చెప్పే తీరు చూస్తే ఒకటి అడగబుద్ధి అయితున్నది. నెలకు ఒక ఆదివారం ఆన్‌లైన్‌ల గంట సేపు కూసుంటరా? ఒక్కొక్కరు రెండు పేజీలు తెస్తరు, అందరం చదివి మాట్లాడుతం. పాలమూరోళ్లం, నల్లగొండోళ్లం ఆరేడు మంది ఉన్నం. గైడ్‌ల జాగ తీసుకునుడు కాదు, గైడ్ దగ్గరికి పోయే ముందు చూపించుకునే జాగ.

పిల్లలమర్రి · ఉదయం 7:52

కూసుంట. పొద్దున ఏడింటికైతే నాకు మంచిది.

దిండివాగు · పదహారు నెలల తర్వాత, రాత్రి 10:48

అందరికి నమస్తే. ఆదివారం మీటింగుకు వచ్చేటోళ్లకు తెలిసిందే, మిగిలినోళ్ల కోసం రాస్తున్న. సినాప్సిస్ మూడోసారికి పాసైంది. స్టాటిస్టిక్స్ సారు 384 ఎందుకు కాదు అని అడిగితే, మిర్యాలగూడ తమ్ముడు చెప్పినట్టే చెప్పిన, సారు రాసుకున్నరు. నేను పనిచేయని పీహెచ్‌సీల్లోనే రిజిస్టర్లు తీసిన. మొదటి పేపర్ పంపిన జర్నల్ నెలలోపే వద్దన్నది, రివ్యూకు కూడా పంపలే. రెండు రోజులు అన్నం సయించలే. రెండో జర్నల్ నుంచి నిన్న ఇద్దరు రివ్యూవర్ల మాటలు వచ్చినయి, మార్చి పంపమన్నరు.

ఒకాయన ఇట్ల అడిగిండు: వలస వెళ్లినవారిని మీరు "చికిత్స మానేసినవారు" అనే విభాగంలో ఎందుకు పెట్టారు, వాళ్లు పోయిన చోట మందులు కొనుక్కొని ఉండవచ్చు కదా? నిజమే. ఇంటర్వ్యూలల్ల కొందరు గోలీలు అయిపోయిన ఖాళీ షీటు జేబుల పెట్టుకొని పోయి, పుణెల మందుల దుకాణంల చూపించి కొన్నరని చెప్పిండ్రు. రిజిస్టర్‌ల ఆ సంగతి లేదు. జవాబు ఎట్ల రాయాలె సార్?

పిల్లలమర్రి · ఉదయం 5:35

వద్దన్నందుకు అన్నం మానుకోవద్దమ్మా. నావీ చాలా వాపస్ వచ్చినయి.

రివ్యూవర్ నీకు మేలు చేసిండు. ఆయనతో వాదించకు. రెండు గడుల పట్టిక చేయి, ఎడమ దిక్కు ఆయన మాట అక్షరం పోకుండ, కుడి దిక్కు నీ జవాబు, ఏ పేజీల ఏ లైన్ మార్చినవో. ఇక్కడ "మానేసినవారు" తీసేసి "ఈ పీహెచ్‌సీలో విజిట్ తప్పినవారు" అని అంతటా మార్చు. పరిమితుల భాగంల, బయట కొనుక్కున్నది రిజిస్టర్‌ల కనపడదని స్పష్టంగ రాయి. ఖాళీ షీటు ముచ్చట రెండో పేపర్‌కు ప్రాణం, దాన్ని ఇక్కడ ఖర్చు చేయకు.

గద్వాలజరీ · ఉదయం 9:02

ఖాళీ షీటు చూపించి కొనుక్కునుడు! అక్కా, ఆ ఇంటర్వ్యూల వాళ్ల మాటలు వాళ్ల యాసలనే ఉంచు, కింద అర్థం ఇయ్యి. ఇంగ్లీషు చేసేటప్పుడు ఇద్దరు వేర్వేరుగ తర్జుమా చేసి పోల్చుకోండి. నేను ఒకటి చేసిస్త.

పానగల్లు · మధ్యాహ్నం 1:15

అక్కా, మంచి జర్నల్‌ల రివ్యూ దాక పోయినవు, నాకు మస్తు సంతోషమైంది. ఒక్కటి అడుగుత, రచయితల పేర్ల సంగతి తేలిందా? పోయిన ఆదివారం ఎవరిదో పేరు పెట్టమంటున్నరని అన్నవు.

దిండివాగు · రాత్రి 11:05

తేలింది. ఐసీఎంజేఈ (వైద్య జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) వాళ్ల నాలుగు షరతులు తెలుగుల రాసుకొని మా గైడ్‌కు చూపించిన: పనిలో నిజమైన పాలు ఉండాలె, రాయుట్ల గాని దిద్దుట్ల గాని చెయ్యి ఉండాలె, చివరి ప్రతిని ఒప్పుకోవాలె, తప్పు పడితే జవాబు చెప్పాలె. నాలుగూ ఉంటేనే రచయిత. సారు చదివి, పని చేయని ఆ పేరు ఆయనే కొట్టేసిండు.

ఇంకో పేరు గురించి నేనే అడిగిన. ఎర్ర పెన్నుతోని రాసిన మా పాత ఫార్మసిస్టన్న. ఆయన పీహెచ్‌సీ నా పనిల లేదు. కానీ ఆ మాట ఆయన రాయకుంటే ఈ ప్రశ్నే లేదు. రచయిత కాడు కాబట్టి కృతజ్ఞతల భాగంల పెడ్తనంటే, పెట్టాలంటే ఆయన అనుమతి రాతపూర్వకంగ కావాలని సారు అన్నరు. మొన్న పోయి అడిగిన. "నా పేరా? ఇంగ్లీషు పుస్తకంలనా?" అని కొంచెంసేపు ఊకున్నడు. సంతకం పెట్టనీకి ముందు, ఏం రాసినవో తెలుగుల చెప్పుమన్నడు. రెండు పేజీల సారాంశం చేత్తో రాసి ఇచ్చిన. అక్కడనే మందుల కౌంటర్ కాడ నిలబడి మొత్తం చదివిండు, మధ్యల ఇద్దరికి గోలీలు ఇచ్చుకుంటనే. చదివి, "నెలకు ముప్పై గోలీలు అని రాసినవు, రెండు పూటలు వేసుకునేటోళ్లకు అరవై ఇస్తం కదా, వాళ్లకు రెండు నెలల గోలీలు ఇచ్చినట్టు నీ లెక్కల పడ్తది" అన్నడు.

నిజంగనే ఆ డోసు కాలమ్ చూసుకోలే. నిన్న, ఇయ్యాల కూసొని రెండు పూటలోళ్లందరినీ వేరు చేసి మళ్ల లెక్క కట్టిన. రెండో టేబుల్ మారింది. మార్చిన టేబుల్ మిర్యాలగూడ తమ్ముడికి పంపిన, ఒకసారి చూడు తమ్మీ. ఆదివారం లోపు చూస్తే సోమవారం జర్నల్‌కు పంపుత.

మిర్యాలగూడ_లెక్కలు · రాత్రి 11:19

ఇప్పుడే తెరిచిన అక్కా. శనివారం రాత్రికల్ల చెప్త.